అడగాలని తెలియని ప్రశ్న



ఈ నెల పాటలు రికార్డు చేసుకోవడము గురించి మాట్లాడుకుందాము. ఇప్పుడు చిన్న సంఘములలో సైతము ఎవరో ఒకరి ఇంట ల్యాప్‌టాప్ ఉంటున్నది. క్రిస్మసుకు ముందు యౌవనస్థులు నాలుగు పాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవులో పంచుకుంటున్నారు. సంతోషమే. అయితే ఆ పని నేర్పే పుస్తకమును తెరిచి చూసేవారు అరుదు. "పుస్తకమెందుకండీ, నాలుగు మీటలు నొక్కితే అదే వస్తుంది" అంటారు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాము. దానివలన మాకు కలిగిన నష్టము ముందుగా చెబుతాము.

2019 వేసవిలో మా సంఘములోని ఒక మామ్మగారి చేత పాత కీర్తనలు పాడించాము. మన ఇండ్లలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట మీద రాగము, తాళము పేర్లు ఉంటాయి గాని వరుస ఉండదు. అది పెద్దల నోట విని నేర్చుకోవలసినదే. ఆమెకు వచ్చిన వరుసలు కొన్ని మాలో ఎవరికీ రావు. రెండు సాయంకాలములు, ఫ్యాను ఆపుకొని, చెమట తుడుచుకుంటూ పదకొండు పాటలు పాడారు. "నా తరువాత పిల్లలు పాడుకోవాలి బాబూ, జాగ్రత్తగా దాచండి" అన్నారు.

మేము వాడినది ఆడాసిటీ అనే ప్రోగ్రాము. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనేవారు 1999లో ఈ పని మొదలుపెట్టగా, 2000లో అది విడుదలైనది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. దాని మార్గదర్శిని కూడా ఉచితముగానే దొరుకుతుంది. మేము ఆ మార్గదర్శినిని తెరువనేలేదు.

ఆనాటి ఆడాసిటీలో మనము చేసిన పని రెండు భాగములుగా దాచబడేది. ఒకటి చిన్న ఫైలు, రెండవది దాదాపు అదే పేరుతో ఉండే ఫోల్డరు. చిన్న ఫైలులో ఉండేది ఏ ముక్క ఎక్కడ ఉన్నదో చెప్పే జాబితా మాత్రమే. స్వరమంతా ఫోల్డరులో ఉండేది. మేము చిన్న ఫైలును మాత్రము పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొని, అరువు తెచ్చిన ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చివేశాము. వారు తమ పని కొరకు దానిలోనివన్నీ తుడిచివేసుకున్నారు. నెల తరువాత పెన్‌డ్రైవు తెరిచి చూస్తే పాటల పేర్లున్నవి, పాటలు లేవు. మామ్మగారు ఆ వానాకాలములోనే ప్రభువునందు నిద్రించారు.

తరువాత మార్గదర్శిని తెరిచాము. ఆ రెండింటినీ విడదీయవద్దనే హెచ్చరిక అందులో ఉన్నది. తప్పు మరెవరిదీ కాదు, మాదే.

తెలిసినవారిని అడగవచ్చు గదా, ఫోనులో వీడియోలు చూడవచ్చు గదా అని మీరు అంటారు. మేమూ అడిగాము. రికార్డు ఎలా మొదలుపెట్టాలని అడిగితే చెప్పారు. ఎలా దాచాలని అడిగితే అదీ చెప్పారు. దాచినది ఎన్ని భాగములుగా ఉంటుందని మేము అడగలేదు. అటువంటి ప్రశ్న ఒకటి ఉన్నదని మాకు తెలిస్తే గదా! మనుష్యులు మనము అడిగినదానికి జవాబిస్తారు. మంచి మార్గదర్శిని మనకు అడగాలని తెలియనిదానికి కూడా ముందే జవాబు వ్రాసి ఉంచుతుంది. దాని మేలు ముఖ్యముగా ఇదే.

ఇటువంటివి మరి రెండు చూడండి. గట్టిగా పాడినప్పుడు తెర మీది అల పైఅంచుకు తగిలితే, అక్కడ స్వరము తెగి చదునైపోతుంది. తరువాత శబ్దము తగ్గించినా ఆ గరగర సరిగా పోదు. అందుకని కొలత చూపే పట్టీ మీద అతి గట్టి స్వరము కూడా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్లు ముందే సరిచూసుకోవాలి. రెండవది, వెనుక వినబడే హోరు. దానిని తగ్గించే సాధనము ఆడాసిటీలో ఉన్నది. అయితే పాట లేకుండా ఉత్త హోరు మాత్రమే ఉన్న ముక్కను దానికి ముందు చూపించాలి. కాబట్టి పాట మొదలుకాక ముందు ఐదు క్షణములు అందరూ కదలక ఊరకుండాలి. పాడినవారు ఇంటికి వెళ్లిన తరువాత ఈ సంగతి తెలిసి ఏమి లాభము?

పుస్తకమంతా చదవాలా? అక్కరలేదు. రికార్డు చేయక ముందు ఈ భాగములు చదివితే చాలును: మైకు, శబ్దపు కొలత సరిచేయుట, పనిని దాచుట, పూర్తయిన పాటను బయటికి తీయుట. మిగిలినవి పని పడినప్పుడు చూసుకోవచ్చు. చదివేటప్పుడు ప్రోగ్రామును ఎదుట తెరిచి ఉంచుకోండి.

మీ ప్రోగ్రాము సంఖ్య, పుస్తకము సంఖ్య ఒకటేనా అని చూడండి. 2021లో వచ్చిన 3.0 నుండి ఆడాసిటీ అంతటినీ ఒకే ఫైలులో దాచుతున్నది. పాత పుస్తకము పట్టుకుంటే లేని ఫోల్డరు కోసము వెదుకుతారు. ఒకే ఫైలు అయినా, పూర్తయిన పాటను వేవ్ రూపములో కూడా బయటికి తీసి రెండు చోట్ల ఉంచండి. సి.డి. నాణ్యతలో నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు, ఐదు నిమిషముల పాటకు 50 పడుతుంది. ఎంపీ3 చిన్నదే గాని, అది స్వరములో కొంత వదిలివేస్తుంది. పంచిపెట్టడానికి అది చాలును, దాచడానికి వేవ్ మేలు.

పుస్తకము ఇంగ్లీషులో ఉన్నదని వెనుకాడవద్దు. కాలేజీకి వెళ్లే పిల్ల చదివి అర్థము చెబుతుంటే, ఒకరు మీట నొక్కి చూడండి, ఇంకొకరు తెలుగులో నోటుబుక్కులో వ్రాయండి. మా సంఘములో అలాగే చేశాము. ఆ నోటుబుక్కు ఇప్పుడు హార్మోనియం పెట్టె మీదనే ఉంటుంది. అది చూడనిదే ఎవరూ రికార్డు మొదలుపెట్టరు.

మీ ఊరిలోనూ పాత వరుసలు తెలిసిన పెద్దలు ఒకరిద్దరు ఉంటారు. వారిని పిలవడానికి ముందు ఒక సాయంకాలము పుస్తకముతో కూర్చోండి. ఆ మరుసటి సాయంకాలము వారి ఇంటికి వెళ్లండి. ఎక్కువ ఆలస్యము చేయకండి.