గృహవిజ్ఞానము: పాట వెనుక వినవచ్చు హోరు



ఒక పాట ముగిసి మఱియొక పాట మొదలగు నడిమి క్షణమున మీ యింటి స్పీకరునొద్ద చెవియొగ్గి వినుడు. కొన్ని యిండ్లలో నచట నిశ్శబ్ద ముండదు. గదిలో తుమ్మెద చిక్కుకొన్నట్లు సన్నని హోరు ఎడతెగక వినవచ్చుచుండును. టెలివిజనునకు తగిలించిన స్పీకర్లయందును, పిల్లల సంగీతాభ్యాసమునకై కొన్న శ్రుతిపెట్టెయందును, పేరంటములకు తెచ్చిన మైకునందును ఈ బాధ కలదు. అనేకులు దీనిని యంత్రదోషమని తలచి క్రొత్తదానికై సొమ్ము వెచ్చింతురు. యంత్రము క్రొత్తదే వచ్చును గాని హోరు మాత్రము పాతదే యుండును. ఏలన, దోషము తఱచుగా యంత్రమునం దుండక తీగల కూర్పునం దుండును.

ఇటీవల నొక సోదరి వ్రాసిన లేఖవలన ఈ విషయము నెత్తుకొనవలసి వచ్చినది. వారి యింట హోరు పోవుటకు మరమ్మతు చేయువాడు ప్లగ్గునందలి లావుపాటి మూడవ పుల్లను తీసివేసెనట. హోరు వెంటనే ఆగినదట. “ఇట్లుండనిచ్చిన నేమైన హాని కలదా?” యని యామె ప్రశ్న. హాని కలదు; అది ప్రాణహాని. అదెట్లో చెప్పుటకు ముందు హోరు పుట్టుక తెలియవలెను.

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులుగా అటునిటు దిక్కు మార్చుకొనుచు ప్రవహించును. ఆ కదలిక పాట నడచు తీగలోనికి చొరబడినచో 50 కంపనముల మంద్రనాదము పుట్టును. యంత్రము లోపల ఈ విద్యుత్తును ఏకముఖముగా మార్చునపుడు ఒక్కొక్క ఆవృత్తికి రెండేసి తరంగములు లేచును గనుక అచటి దోషము 100 కంపనములుగా వినబడును. సంగీతము నేర్చినవారికి ఇందొక వేడుకైన సంగతి గలదు. అయిదవ శ్రుతి షడ్జమము సుమారు 196 కంపనములు, అయిదున్నర శ్రుతిది సుమారు 208. హోరులో 100తోపాటు దాని రెట్టింపగు 200 కూడ మెదలుచుండును. అది ఈ రెంటి నడుమ పడి దేనితోను కలియదు. అట్టి హోరు ప్రక్కన పెట్టుకొని ప్రతిదినము సాధకము చేయు బాలికకు శ్రుతి నిలుపుట అనవసరపు శ్రమయే యని నా తలంపు. అమెరికాలో విద్యుత్తు 60 ఆవృత్తులది గనుక అచ్చటి హోరు మరికొంత పైస్థాయిలో పలుకును.

ఇక వెదకు విధము. పాట నాపి, ధ్వని పెంచు బిరడాను మెల్లగా త్రిప్పుడు. బిరడాతోపాటు హోరు పెరిగి తరిగినచో అది బయటి తీగలనుండి లోనికి వచ్చుచున్నదన్నమాట. బిరడాను పూర్తిగా తగ్గించినను హోరు మారకున్నచో దోషము యాంప్లిఫయరులోపలనే యుండవచ్చును. పాతబడిన యంత్రములలో విద్యుత్తును చదునుచేయు కండెన్సర్లు ఎండిపోవుటవలన నిట్లగును. దాని మూత మీరు విప్పవలదు. ప్లగ్గు తీసిన పిమ్మటగూడ ఆ కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండి కొట్టగలదు. దానిని పని తెలిసినవాని కప్పగింపుడు.

హోరు బయటినుండి వచ్చుచున్నదని తేలినచో, బిరడాను బాగుగా తగ్గించి యాంప్లిఫయరునకు వచ్చు పాట తీగలను ఒక్కొక్కటిగా ఊడదీయుడు. తగ్గింపక తీసినచో దబ్బుమని మ్రోగి స్పీకరు చెడవచ్చును. ఏ తీగ తీసినపుడు హోరు ఆగునో ఆ దారిని పట్టి వెనుకకు పోవలెను. మన యిండ్లలో ఆ దారి తఱచుగా టెలివిజనునొద్దకు చేరును. అపుడు సెట్‌టాప్ పెట్టెకు వీధినుండి వచ్చు కేబులును క్షణకాలము విప్పి చూడుడు. హోరాగినచో దొంగ దొరికినట్లే.

కారణ మిది. ఆ కేబులు పైతొడుగు ఎచ్చటనో దూరమున భూమికి కలుపబడియుండును. మీ యాంప్లిఫయరు తన మూడవ పుల్లద్వారా మీ యింటి ఎర్తునకు కలుపబడియుండును. రెండును భూమియే గదా యందురేమో! కాని ఆ రెండు తావుల విద్యుత్పీడనము సరిసమానముగా నుండదు. అందుచే వాటి నడుమ కొంచెము విద్యుత్తు మీ పాట తీగ తొడుగుగుండ పారుచుండును. రెండు చెరువుల నీటిమట్టము వేరుగా నున్నపుడు నడుమ కాలువ త్రవ్విన నీరు పారినట్లే. యాంప్లిఫయరు దానిని గూడ పాట యనుకొని పెద్దది చేసి వినిపించును. లాప్‌టాపు విషయమును ఇట్టిదే. చార్జరు తీసి బ్యాటరీపై నడిపినపుడు హోరాగినచో చార్జరు దారినే ఈ వలయ మేర్పడినదని తెలియవలెను.

ఈ వలయమును త్రెంచుటకే ఆ మరమ్మతువాడు ఎర్తుపుల్లను తీసినాడు. వలయము తెగినమాట నిజమే. కాని ఆ పుల్ల హోరు కొరకు పెట్టినది కాదు. లోపలి తీగ పైతొడుగు చీలి యంత్రపు ఇనుప పెట్టెకు తగిలినపుడు 230 వోల్టుల విద్యుత్తు మీ చేతిగుండ పోక భూమిలోనికి పోవుటకు, అంతలో ఫ్యూజు తెగుటకును అది యున్నది. అన్నిటికంటె ముందుగా తగిలి చివరగా విడివడవలెననియే దానిని తక్కిన పుల్లలకంటె పొడవుగాను లావుగాను చేసిరి. అది లేనినాడు ఆ పెట్టెకు మైకుద్వారా కలిసిన ప్రతి లోహపు ముక్కయు సజీవమైన తీగయే. 1972లో వేల్సునందలి స్వాన్సీ నగరమున స్టోన్ ది క్రోస్ అను బృందమునకు చెందిన గిటారు వాద్యకుడు లెస్లీ హార్వే ఎర్తు సరిగాలేని మైకును ముట్టి వేదికపైననే మరణించెను. మన యిండ్లలో నలుగు పెట్టిన తడిచేతులతో మైకు పట్టుకొను ముత్తైదువలను తలచుకొనుడు.

ఆ సోదరికి నా జవాబు: వెంటనే మూడు పుల్లల ప్లగ్గు తిరిగి వేయింపుడు. హోరునకు వేరు ఉపాయములు గలవు. మొదట టెలివిజనును, సెట్‌టాప్ పెట్టెను, యాంప్లిఫయరును ఒకే సాకెట్టునుండి వచ్చు బోర్డునకు తగిలింపుడు. పెక్కుచోట్ల దీనితోనే హోరు తగ్గును. తగ్గకున్నచో పాట తీగ నడుమ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరను చిన్న డబ్బీని పెట్టింపుడు. అది పాటను పోనిచ్చి ఎర్తుల కలయికను ఆపును. టెలివిజనునకును యాంప్లిఫయరునకును ఆప్టికల్ కేబులు తగిలించు రంధ్రములున్నచో అది మరియు మేలు. అందు నడచునది కాంతి గనుక వలయమే యేర్పడదు. ఇంటి మెయిన్‌బోర్డులో 30 మిల్లీయాంపియర్లకు తెగు ఆర్.సి.సి.బి. యున్నదో లేదో ఆ సందర్భముననే విచారింపుడు.

హోరుగాక చిరచిరమను కఱకు ధ్వని వినబడినచో దాని దారి వేరు. ఫ్యాను రెగ్యులేటరును, వెలుగు తగ్గించు దీపపు స్విచ్చిని, ఎల్.ఇ.డి. దీపములను ఒక్కొక్కటిగా ఆపి చూడుడు. టకటకమని తెరలు తెరలుగా వచ్చినచో స్పీకరు ప్రక్కనున్న సెల్‌ఫోను దూరముగా పెట్టిన చాలును. పాట తీగలను కరెంటు తీగలతో జోడించి ఒకే కట్టగా కట్టుట చూచుటకు ముచ్చటగా నుండును గాని హోరునకు పెండ్లిచేసి ఇంటికి తెచ్చుకొన్నట్లే. వాటిని విడదీసి, తప్పనిచోట అడ్డముగా దాటింపుడు.

పాత యిండ్లలో నున్నవారు మఱియొకటి గమనింపవలెను. సాకెట్టునకు మూడు రంధ్రము లున్నంతమాత్రమున వెనుక ఎర్తుతీగ యున్నదని నమ్మరాదు. గోడలో ఆ తీగయే వేయని యిండ్లు గలవు. మూడు పుల్లల ప్లగ్గున్న యంత్రపు ఇనుప భాగమును తాకినపుడు వేళ్లకు జిల్లుమనినచో ఆ యంత్రమును ప్లగ్గుస్విచ్చియొద్ద ఆపి, ఎలక్ట్రీషియనును పిలిపించి, ఎర్తు కలదో లేదో మీటరుతో చూపింపు మనుడు. హోరు మాట అటుపిమ్మట చూచుకొనవచ్చును.