అప్పు దాచుకొనుట కంటె అడుగుట మేలు



వంశధార సముద్రములో కలియు కళింగపట్నం ప్రాంతమున అప్పు లేని సేద్యము అరుదు. ఊడ్పులకు, ఎరువులకు అప్పు చేసి పంట రాగానే తీర్చుట తప్పు కాదు. పంట పోయిన ఏట మనము చేయు పనియే నాకు నచ్చదు. బ్యాంకు బాకీ సంగతి నలుగురికి తెలియునేమోనని మరొకచోట నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టుచున్నాము. లక్షకు ఏడాదికి అది 36,000 రూపాయలు. 2025-26లో కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణమునకు వడ్డీ 7 శాతము. గడువులోగా కట్టినవారికి 3 శాతము రాయితీ పోగా లక్షకు 4,000 రూపాయలే. పరువు కొరకు ఇంత వెల పెట్టవలెనా?

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నమునకు 20 కిలోమీటర్ల ఉత్తరమున తీరము దాటినది. ఇట్టి విపత్తులకై రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశములలో పంట నష్టము 33 శాతము దాటినచో బాకీని రెండేండ్లకు, 50 శాతము దాటినచో అయిదేండ్లకు వాయిదా వేయుటకు వీలు కల్పించిరి. మొదటి ఏడు విరామము అందులోనిదే. ఇది మాఫీ కాదు, గడువు మాత్రమే. నిబంధనలు మారుచుండును గనుక నేటి పద్ధతి ఏమో మేనేజరునే అడుగుడు. అదియు బాకీ మీరకముందే అడుగుడు.

ఇక నష్టము జాబితాలో పేరు లేనివానికి ఏ సాయమైనను అందుట కష్టము. ఎక్కువగా నలుగువాడు కౌలుదారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద పదకొండు నెలల ఒప్పందముతో కార్డు పొందవచ్చును. భూయజమాని హక్కునకు భంగము లేదు. అయినను సంతకమనగానే యజమానులు జంకుచున్నారు. ఆ జంకు పోగొట్టుట గ్రామాధికారుల పని. కరపత్రము గోడకు అంటించి ఊరకుండిన చాలదని నా అభిప్రాయము.

ప్రైవేటు అప్పుల సంగతి వేరు. ఈ సీమ మదరాసు రాష్ట్రములో నున్నప్పుడు, 1938లోనే రైతుల రుణ విమోచన చట్టము వచ్చినది. 1932 అక్టోబరుకు ముందటి అప్పులలో అసలుకు రెండింతలు చెల్లించియున్నచో బాకీ తీరినట్లే అని అందు వ్రాసిరి. రైతును కాపాడు నియమములు నేటికిని కలవు. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము సేద్యపు పనిముట్లు, బ్రతుకుతెరువునకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తన ధాన్యము, రైతు కాపురముండు ఇల్లు జప్తు చేయరాదు. తాకట్టు పెట్టిన ఇంటికి మాత్రము ఈ రక్షణ లేదు. నిజముగా కట్టలేనివానిని అప్పుకై జైలులో పెట్టరు. ఉండి ఎగవేయువాని మాట వేరు. కనుక బెదిరింపులకు హడలి ఖాళీ ప్రోనోటు మీద సంతకము చేయకుడు. కట్టిన ప్రతి పైకమును నోటు వెనుక చెల్లు వ్రాయించుడు.

కోర్టు నోటీసు వచ్చినచో దాచక శ్రీకాకుళములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లుడు. 15100 నంబరుకు ఫోను చేసినను సరే. 1987 చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వరద వంటి విపత్తులలో నష్టపోయినవారికి ఆదాయముతో పని లేకుండ ఉచితముగా వకీలును ఇత్తురు. లోక్ అదాలతులో రాజీ పడవచ్చును, కాని ఆ తీర్పుపై అప్పీలు లేదు. పంట ఎప్పుడు వచ్చునో లెక్క చూడక వాయిదాలకు ఒప్పుకొనరాదు.

ఇంటిలో భార్యకైనను చెప్పక లోలోన క్రుంగువారు కలరు. అట్టివారు ముందు ఇంటివారికి చెప్పవలెను. బ్రతుకు మీద విరక్తి తోచినచో 14416కు ఫోను చేయవలెను. అది ప్రభుత్వము నడుపు ఉచిత సేవ.

బ్యాంకునకుగాని వకీలు వద్దకుగాని వెళ్లునప్పుడు పాసుపుస్తకము, వచ్చిన నోటీసులు, రసీదులు, ఎవరికెంత బాకీయో వ్రాసిన కాగితము ఒకటి వెంట తీసికొనిపొండు. చేబదుళ్లు కూడ అందులో వేయుడు.