తేనెకీ ఓ లెక్కుంది!

సూపర్‌ మార్కెట్‌లో తేనె సీసాలు పెట్టిన అర దగ్గర ఈసారి ఒక్క నిమిషం ఆగండి. ఒకప్పుడు సీసా మీద ‘స్వచ్ఛమైన తేనె’ అని ఉంటే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు దానికింద ఇంకో మాట పెద్దక్షరాల్లో మెరుస్తోంది... ‘యాంటీ ఆక్సిడెంట్‌ రిచ్‌’! పక్కనే ఉన్న పుప్పొడి గుళికల డబ్బా మీదా అదే. ప్రొపోలిస్‌ చుక్కల మందు, పసుపు క్యాప్సూల్స్‌, ఉసిరి జ్యూస్‌... అన్నింటి మీదా అదే ముద్ర. ఇక రీల్స్‌ సంగతి చెప్పక్కర్లేదు.

ఈ మాట వల్ల ఓ ఇంట్లో ఏం జరుగుతోందో వినండి. పోయిన వారం ఓ పాఠకురాలు ఇలా రాసింది: ‘మా నాన్నకి షుగరుంది. పంచదార మానేశారు, సంతోషమే. దాని బదులు రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల తేనె కలుపుకుని తాగుతున్నారు. ఇదేంటి నాన్నా అంటే, ఇందులో యాంటీ ఆక్సిడెంట్లున్నాయమ్మా, షుగర్‌ని అదే కంట్రోల్‌ చేస్తుంది అంటారు. మొన్నటి నుంచి సాయంత్రం మాత్ర కూడా మానేశారు. ఆయనకెలా చెప్పను?’

ఆ చివరి మాట చదివాక ఈ వారం ఇంకో టాపిక్‌ ముట్టుకోబుద్ధి కాలేదు. అందుకే తేనె సంగతి పూర్తిగా లెక్కతేలుద్దాం.

సీసాలో నిజంగా ఏముంది?

తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. అందులో ఫ్రక్టోజ్‌ 38 శాతం దాకా, గ్లూకోజ్‌ 31 శాతం దాకా ఉంటాయి. మిగతావి మాల్టోజ్‌ లాంటి చిన్నాచితకా చక్కెరలు. ఇంకో 17, 18 శాతం నీళ్లు. ఇవన్నీ పోగా మిగిలే ఆ రెండు మూడు శాతంలోనే ఆమ్లాలు, ఎంజైములు, ఖనిజాలు, పుప్పొడి రేణువులు సర్దుకోవాలి. మనం ఇంత గొప్పగా చెప్పుకునే ఫినాలిక్‌ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు కూడా ఆ ఇరుకులోనే ఉంటాయి. తేనెలోని యాంటీ ఆక్సిడెంట్లంటే ప్రధానంగా ఇవే. నూరు గ్రాముల తేనె తీసుకుంటే వీటి లెక్క గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో తేలుతుంది.

అయితే అన్ని తేనెలూ ఒక్కటి కావు. తేనెటీగ ఏ పువ్వు మీద వాలిందో ఆ పువ్వును బట్టే సరుకు. సాధారణంగా రంగు ముదిరేకొద్దీ ఫినాలిక్‌ పదార్థాలు ఎక్కువ. లేత రంగు తేనెతో పోలిస్తే ముదురు గోధుమ రంగు తేనెలో ఇవి కొన్ని రెట్లు ఉండొచ్చు. అది నిజమే. కానీ ‘కొన్ని రెట్లు’ అన్నది చాలా చిన్న అంకెకి అని మర్చిపోకూడదు. ఒక కప్పు టీ డికాక్షన్‌లో దొరికే పాలీఫినాల్స్‌ సాధారణంగా మన రెండు చెంచాల తేనెలో దొరికేవాటికంటే ఎక్కువే. ఆ లెక్కన టీ కొట్టు బాబాయ్‌ కూడా తన బోర్డు మీద ‘యాంటీ ఆక్సిడెంట్‌ రిచ్‌’ అని రాయించుకోవచ్చు!

ఊదా రంగు పసుపైతే...

ఇంతకీ ఈ యాంటీ ఆక్సిడెంట్‌ శక్తిని కొలిచేదెలా? ల్యాబుల్లో ఎక్కువగా చేసేది డీపీపీహెచ్‌ పరీక్ష. ముదురు ఊదా రంగు ద్రావణం ఒకటి ఉంటుంది. అందులోని అణువులకి ఒక ఎలక్ట్రాన్‌ జతలేకుండా మిగిలి ఉంటుంది. అంటే అదో ఫ్రీ రాడికల్‌. అందులో తేనె ద్రావణమో, ఆకు రసమో కలుపుతారు. వాటిలోని యాంటీ ఆక్సిడెంట్లు ఆ లోటు తీరిస్తే ఊదా రంగు వెలిసి పసుపులోకి దిగుతుంది. రంగు ఎంత తగ్గిందో యంత్రంతో కొలుస్తారు. ‘ఈ తేనె డెబ్బై శాతం ఫ్రీ రాడికల్స్‌ని అంతం చేసింది’ లాంటి వాక్యాలు పుట్టేది ఇక్కడే.

పరీక్ష మంచిదే. రెండు రకాల తేనెల్ని పోల్చడానికి, ఓ మొక్కలో వెతకాల్సిన పదార్థం ఉందో లేదో చూడటానికి పనికొస్తుంది. చిక్కల్లా అది జరిగింది గాజు గొట్టంలో. మనిషి ఒంట్లో కాదు.

ఇంకో తమాషా చెప్తాను. తేనెని బాగా వేడి చేస్తే ఎంజైములు దెబ్బతింటాయి. హెచ్‌ఎంఎఫ్‌ అనే పదార్థం పెరుగుతుంది. తేనె పాతబడిందా, ఎక్కువ వేడెక్కిందా అని పట్టుకోవడానికి ల్యాబుల్లో చూసేది దాన్నే. మన దేశంలో కిలోకి 80 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. మరి అలా వేడెక్కిన తేనెకి యాంటీ ఆక్సిడెంట్‌ పరీక్ష చేస్తే? కొన్నిసార్లు మార్కులు పెరుగుతాయి! వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి తయారయ్యే గోధుమ రంగు పదార్థాలు కూడా ఆ పరీక్షలో పాసైపోతాయి మరి. అంటే నాణ్యత తగ్గింది, అంకె పెరిగింది. కేవలం ఆ అంకె చూసి సీసా కొంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఏ ఆహారంలో ఎంత యాంటీ ఆక్సిడెంట్‌ శక్తి ఉందో చెప్పే ‘ఓరాక్‌’ పట్టికను తన వెబ్‌సైట్‌లో పెట్టింది. 2012లో తీసేసింది. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యం మీద పడే ప్రభావానికీ సంబంధం ఉందని తేలలేదని, పైగా కంపెనీలు వాటిని ప్రకటనలకి ఇష్టమొచ్చినట్టు వాడేసుకుంటున్నాయని కారణం చెప్పింది.

ఒళ్లు గాజు గొట్టం కాదు

మనం తిన్న పాలీఫినాల్స్‌లో రక్తంలోకి చేరేది కొంతే. అదీ పేగుల్లోని బ్యాక్టీరియా, కాలేయం చేతుల్లో పడి రూపం మార్చుకుని మరీ చేరుతుంది. గొట్టంలో హీరో అయినవాడు ఇక్కడ వేరే గెటప్‌లో ఉంటాడు.

రెండో సంగతి... ఫ్రీ రాడికల్స్‌ అంటే పూర్తిగా విలన్లు కారు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిముల్ని చంపేందుకు వాడే ఆయుధాల్లో అవీ ఉన్నాయి. వ్యాయామం చేసినప్పుడు పుట్టేవి కండరాలకి ‘బలపడండి’ అని సందేశం ఇస్తాయి. జర్మనీలో 2009లో వచ్చిన ఓ అధ్యయనంలో వ్యాయామంతో పాటు రోజూ విటమిన్‌ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో మింగిన కుర్రాళ్లకి, ఇన్సులిన్‌ పనితీరులో రావాల్సిన మెరుగుదల రాలేదు. మాత్రలు వేసుకోనివాళ్లకి వచ్చింది. అది చిన్న అధ్యయనమే, తర్వాత వచ్చినవన్నీ అదే మాట చెప్పలేదు. అయినా జిమ్‌ బ్యాగులో యాంటీ ఆక్సిడెంట్‌ డబ్బా పెట్టుకునేవాళ్లు ఓసారి ఆలోచించాల్సిన విషయం.

అంతకంటే పెద్ద పాఠం ఫిన్లాండ్‌లో దొరికింది. పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన ప్రయోగమది. బీటా కెరోటిన్‌ యాంటీ ఆక్సిడెంటు కదా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని తగ్గిస్తుందని ఆశించారు. 1994లో ఫలితాలొచ్చాయి. బీటా కెరోటిన్‌ మింగినవాళ్లలో ఆ క్యాన్సర్‌ 18 శాతం పెరిగింది! క్యారెట్‌ తింటే ఇలా అవుతుందని కాదు. ఒక పదార్థాన్ని ఆహారంలోంచి విడదీసి మాత్రగా మింగడం వేరు, ఆహారంగా తినడం వేరు అని.

మరి తేనె దండగా?

కానే కాదు. తేనె చేసే మేలు తేనెకుంది. ఏడాది దాటిన పిల్లలకి, పెద్దలకి మామూలు దగ్గు వస్తే ముందు తేనె ప్రయత్నించమని 2018లో బ్రిటన్‌ వైద్య మార్గదర్శకాలు కూడా చెప్పాయి. శుద్ధి చేసిన వైద్య తేనెని గాయాల కట్లలో వాడతారు. వంటింటి సీసాలోది మాత్రం గాయం మీద పోయకండి.

తేనెలో క్రిములు ఎందుకు బతకలేవంటే, నీరు తక్కువ, చక్కెర ఎక్కువ, పైగా అది పులుపు గుణం ఉన్న పదార్థం. వీటికి తోడు తేనెటీగ కలిపే గ్లూకోజ్‌ ఆక్సిడేజ్‌ అనే ఎంజైము, తేనె కాస్త పలచబడగానే హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ తయారుచేస్తుంది. అది పక్కా ఆక్సిడెంటు! యాంటీ ఆక్సిడెంట్‌ అని లేబుల్‌ తగిలించుకున్న పదార్థం క్రిముల్ని చంపేది ఆక్సిడెంట్‌తో అన్నమాట. వేలకి వేలు పెట్టి కొనే న్యూజిలాండ్‌ మనూకా తేనెకి పేరు తెచ్చిన మిథైల్‌ గ్లయాక్సాల్‌ కూడా బ్యాక్టీరియాని చంపే పదార్థమే. దాని సీసా మీద ఉండే ‘ఎంజీవో’ అంకె యాంటీ ఆక్సిడెంట్ల లెక్క కాదు.

ఇక ప్రొపోలిస్‌. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి జిగురు తెచ్చి, మైనంతో కలిపి పట్టులో కంతలు పూడ్చుకునే బంక ఇది. ఇందులో ఫినాలిక్‌ పదార్థాలు తేనెలోకంటే చాలా ఎక్కువ. కానీ ఏ చెట్టు జిగురైతే ఆ రసాయనం. యూరప్‌లో ఎక్కువగా పాప్లర్‌ చెట్టుది, బ్రెజిల్‌ ‘ఆకుపచ్చ ప్రొపోలిస్‌’ బకారిస్‌ అనే పొదది. రెండూ ఒకటి కావు. కాబట్టి బ్రెజిల్‌ సరుకు మీద వచ్చిన ఫలితం చూపించి ఇంకెక్కడి సీసానో అమ్మితే నమ్మాల్సిన పనిలేదు. పైగా కొందరికి దీంతో చర్మం మీద దద్దుర్లు, ఎలర్జీలు వస్తాయి.

కొనేటప్పుడు...

నీళ్లలో వేస్తే అడుక్కి దిగాలి, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగాలి, గోరు మీద వేస్తే జారకూడదు... ఈ చిట్కాలు కల్తీని పట్టలేవు. చిక్కటి చక్కెర పాకం కూడా వీటిలో ఫస్ట్‌ క్లాసులో పాసవుతుంది. తేనె గడ్డకట్టినంత మాత్రాన కల్తీ అనుకోవద్దు. గ్లూకోజ్‌ ఎక్కువుంటే స్ఫటికాలు కడుతుంది. పొద్దుతిరుగుడు తేనె తొందరగా పేరుకోవడం సహజం. సీసాని గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది.

కల్తీ చేసేవాళ్లు కూడా సైన్స్‌ చదువుకున్నారండోయ్‌. చెరకు, మొక్కజొన్న చక్కెరల్లోని కార్బన్‌ గుర్తులు పూల మకరందంలోవాటికి భిన్నం. కాబట్టి వాటిని కలిపితే ల్యాబులో దొరికిపోతారు. వరి మాత్రం ఈ విషయంలో పూల మొక్కల జట్టు. అందుకే బియ్యం నుంచి తీసిన సిరప్‌ ఆ పరీక్షని తప్పించుకుంటుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్‌ ఫర్‌ సైన్స్‌ అండ్‌ ఎన్విరాన్‌మెంట్‌ 13 బ్రాండ్ల తేనెల్ని పరీక్ష చేయిస్తే, 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ దాటినవి అయిదే అని ప్రకటించింది. కంపెనీలు కాదన్నాయి. ఇంట్లో తేల్చలేని గొడవ ఇది. మనం చేయగలిగింది ఏ పువ్వుదో, ఎక్కడిదో చెప్పగలిగే మనిషి దగ్గరో, సంస్థ దగ్గరో కొనుక్కోవడం. మరీ చవగ్గా వస్తోందంటే అనుమానించడం.

నాన్నగారికి ఇలా చెప్పండి

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం. రెండు పెద్ద చెంచాలంటే దాదాపు 42 గ్రాముల తేనె. అందులో చక్కెర సుమారు 34 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెలోని చక్కెరని కూడా పంచదారతో పాటే లెక్కేస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి 25 గ్రాముల లోపైతే మరీ మంచిదంటుంది. నాన్నగారు టిఫిన్‌కి ముందే ఆ గీత దాటేస్తున్నారు. రక్తంలో చక్కెరని పెంచే వేగంలో తేనె పంచదార కంటే కాస్త నెమ్మది, అంతే. మిల్లీగ్రాముల మేలు కోసం గ్రాముల కొద్దీ చక్కెర తాగడం ఏం బేరం?

వాదించకండి. పెద్దవాళ్లు వాదనకి లొంగరు. ఇంట్లో గ్లూకోమీటర్‌ ఉంటే, రేపు తేనె నీళ్లు తాగే ముందోసారి, తాగిన గంటకోసారి ఆయన వేలితోనే చూపించండి. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి, సాయంత్రం మాత్ర మానేసిన సంగతి కూడా చెప్పి, ఈ వారంలోనే డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ పని వాయిదా వేయొద్దు.

యాంటీ ఆక్సిడెంట్లే కావాలంటే దారి చవగ్గా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జామకాయలో విటమిన్‌ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పీచు అదనం. ఉసిరికాయ, ఆకుకూరలు, పప్పులు, టీ... ఇవన్నీ ఆ జాబితాలోవే. సంతలో ఏ జామకాయ మీదా ‘యాంటీ ఆక్సిడెంట్‌ రిచ్‌’ అని స్టిక్కర్‌ ఉండదు, అంతే తేడా.

చివరిగా ఒకటి. ఇది మాత్రం మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. పుట్టిన బిడ్డకి బంగారు ఉంగరంతో తేనె నాకించడం మన ఇళ్లలో చాలాచోట్ల ఉన్న ఆచారం. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా క్లాస్ట్రీడియం బోటులినం అనే బ్యాక్టీరియా విత్తనాలు ఉండొచ్చు. ఇంట్లో మరిగించినా అవి చావవు. పెద్దవాళ్ల పేగుల్లో వాటి ఆటలు సాగవు. ఏడాది లోపు పసివాళ్ల పేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషం తయారుచేయగలవు. మలబద్ధకం, నీరసమైన ఏడుపు, ఒళ్లు వేలాడిపోవడం, చివరికి ఊపిరికే ముప్పు. కాబట్టి మొదటి పుట్టినరోజు దాకా ఒక్క చుక్క కూడా వద్దు. ఉంగరం నాకించాలని అమ్మమ్మ పట్టుబడితే అమ్మ పాలలో ముంచమనండి. ఆచారం నిలబడుతుంది, బిడ్డా చల్లగా ఉంటుంది.