క్యాజువాలిటీ గుమ్మంలో కొలువులేవి?

పెద్దాసుపత్రి క్యాజువాలిటీ కిటకిటలాడుతోందంటే మొదట వినిపించే మాట ఒకటుంది: 'చిన్న జ్వరానికీ జనం ఎమర్జెన్సీకే వచ్చేస్తారండీ!' కొంత నిజమే. కానీ జ్వరంతో వచ్చినవాళ్లు మాత్రలు తీసుకుని వెళ్లిపోతారు, మంచం పట్టుకుని ఉండరు. కదలకుండా ఉండిపోయేది, అడ్మిషన్ రాసేశాక కూడా పైన వార్డులో బెడ్డు దొరకని రోగి. పొద్దున డిశ్చార్జి అన్నాయన బిల్లు కోసమో, సంతకం కోసమో సాయంత్రం దాకా పైన కూర్చుంటే, కింద గుండెనొప్పితో వచ్చినాయన స్ట్రెచర్ మీదే ఉంటాడు. ఆ వెనక వచ్చిన అంబులెన్సులోని మనిషికి ఆ స్ట్రెచరూ దొరకదు. తూము పూడిపోతే చెరువు గట్టు పెంచినట్టు, మనం మాత్రం క్యాజువాలిటీలో ఇంకో పది మంచాలు వేస్తుంటాం.

ఆగడం అందరికీ ఒకటి కాదు. బెణికిన కాలు రెండు గంటలు ఆగుతుంది. మెదడులో రక్తం గడ్డకట్టి మూతి వంకరపోయిన మనిషికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి, అదీ స్కాన్ తీశాకే. ఊళ్లో బండి దొరికి పట్నం చేరేసరికే అందులో సగం అయిపోవచ్చు. నాడి, బీపీ, ఊపిరి, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చగా గుమ్మంలోనే వేరుచేసే పనిని ట్రయాజ్ అంటారు. చాలాచోట్ల ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? గొంతు పెద్దదున్న బంధువు. లేదంటే ఫోన్ చేయగల నాయకుడు.

ట్రయాజ్ నర్సుకీ, పైన ఏ బెడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుందో గంటగంటకీ వెంటపడి చూసే మనిషికీ పక్కా పోస్టులుండాలన్నది నా వాదన. చదువులు లేక కాదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక స్పెషాలిటీగా 2009లోనే గుర్తించారు. 108 అంబులెన్సు 2005లో హైదరాబాద్‌లో మొదలై మిగతా రాష్ట్రాలకు వెళ్లింది. అలైడ్ హెల్త్ వృత్తుల కోసం 2021లో చట్టమూ వచ్చింది. ఇంతా చేసి అంబులెన్సులో ఈఎంటీ ఉద్యోగమంటే ఎక్కువగా కాంట్రాక్టో, ఔట్‌సోర్సింగో. ఇక మంచి ర్యాంకొచ్చిన డాక్టర్లు రేడియాలజీ, డెర్మటాలజీ వైపు చూస్తున్నారని తప్పుపట్టి ఏం లాభం? ఇక్కడ ఉన్నవి నైట్ డ్యూటీలు, తిట్లు, ఒక్కోసారి దెబ్బలు కూడా. బయట నిలబడ్డ కుటుంబానికి 'ఇంకో గంట పడుతుంది, కారణం ఇదీ' అని చెప్పే మనిషి ఉంటే ఆ గొడవల్లో చాలావరకు అసలు మొదలే కావనుకుంటాను.

'బెడ్లు లేవు' అనే జవాబు కోర్టులో ఎప్పుడో ఓడిపోయింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒకాయన్ను ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పి పంపిన కేసులో, సర్కారు దవాఖానా సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాట తీర్పు పుస్తకాల్లో ఉంది. డ్యూటీ రూములో హౌస్‌సర్జన్ చేతిలో మాత్రం అదే ఖాళీ లేని బెడ్ల పట్టీ.

నర్సింగ్, పారామెడికల్ కోర్సుల్లో చేరబోయేవాళ్లకు ఒక మాట. కాలేజీ చూడ్డానికి వెళ్తే ఏసీ ల్యాబులూ, ప్లేస్‌మెంట్ల బోర్డూ చూపిస్తారు. మీరు మాత్రం ఇవి అడగండి: అనుబంధ ఆసుపత్రిలో 24 గంటల ఎమర్జెన్సీ ఉందా? అక్కడ మాకు నైట్ పోస్టింగులు ఎన్ని వారాలు? ట్రయాజ్ నేర్పేదెవరు? జవాబు తడబడిందంటే ఫీజు కట్టడానికి తొందరపడొద్దు.