గీతలున్నాయి, మాట అందదు



గడచిన మాఘమాసంలో ఒక అర్ధరాత్రి మా అక్కయ్య నాకు మూడుసార్లు ఫోను చేసింది. బావగారికి గుండెలో నొప్పి. మూడుసార్లూ ఆమెకు వినిపించినది ఒకే మాట: నేను కవరేజీ పరిధిలో లేనని! రెండు వీధుల అవతల, ఫోను తలగడ పక్కనే పెట్టుకొని నేను నిద్రిస్తున్నాను. పడుకోబోయే ముందు తెరమీద రెండు గీతలు చూసిన గుర్తు. పొరుగువారి పుణ్యమా అని బావగారు గండం గడిచి బయటపడ్డారు. తెల్లవారి వాకిట్లోకి వచ్చాకగాని ఆ పిలుపుల సమాచారం నాకు చేరలేదు.

దుకాణదారు "పాతబడింది, కొత్తది తీసుకోండి" అన్నాడు. సేవాకేంద్రంవారు ఆపి మళ్ళీ వెలిగించమన్నారు. వెలిగించాను. సిమ్ము తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఒక పూట బాగుండి, మళ్ళీ యథాతథం.

అప్పుడు తర్కంలో చదువుకున్న అన్వయ వ్యతిరేకాలు జ్ఞప్తికి వచ్చాయి. కారణం ఉన్నచోట కార్యం ఉండాలి, లేనిచోట ఉండరాదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి.

తెరమీది గీతలకు అన్ని కంపెనీలకూ వర్తించే ఉమ్మడి కొలత లేదు. అసలు కొలత చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని 'సిమ్ స్టేటస్' కింద, డీబీఎమ్ అనే ప్రమాణంలో, రుణసంఖ్యగా కనిపిస్తుంది. సున్నాకు దగ్గరైనకొద్దీ బలం. పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది. నా సిమ్ముకు మేడమీద -92, పడకగదిలో -118. అంటే గదిలోకి చేరేది దాదాపు 400వ వంతు! అదే సిమ్మును అదే గదిలో మా ఆవిడ ఫోనులో పెట్టినా అదే దుస్థితి. వేరొక సంస్థకు చెందిన ఆమె సిమ్మును నా ఫోనులో పెడితే -97. కనుక ఫోను నిర్దోషి. మేడమీద చక్కగా పలుకుతున్నది గనుక సిమ్మూ నిర్దోషే. ఆ సంస్థ సంకేతమే మా ఇంటి కాంక్రీటునూ, అందులోని ఇనుమునూ దాటి లోపలికి రాలేకపోతున్నది.

ఇక నా అభిప్రాయం. పిలుపు మధ్యలో తెగిపోతే వినియోగదారునికి రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా చెల్లించాలని 2015లో ట్రాయ్ నిబంధన చేసింది. 2016 మేలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. వినియోగదారుల వైపు కారణాలతో తెగిన పిలుపులకు సైతం సంస్థలే చెల్లించవలసి రావడం అందుకు చూపిన కారణాలలో ఒకటి. దోషం ఎవరిదో తేల్చక శిక్ష వేయరాదనడం న్యాయమే. ఆ న్యాయం మనకు మాత్రం వర్తించవద్దా? దోషం తేల్చకుండానే మనచేత వేలు పోయించి కొత్త ఫోను కొనిపించడం శిక్ష కాదా?

సంస్థలు తమ కవరేజీ పటాలను వెబ్‌సైటులో ఉంచాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కాని పటం వీధిని చూపుతుంది, పడకగదిని చూపదు. కనుక సేవాకేంద్రంవారు మొదట అడగవలసిన ప్రశ్న "ఆ గదిలో అంకె ఎంత?" అన్నది. మనమూ ఆ అంకెనే చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకొని, పరిష్కారం కాకుంటే ఆ సంస్థ అప్పిలేట్ అధికారికి వ్రాయాలి.

నేను వైఫై కాలింగు పెట్టి చూశాను. బాగున్నది, కరెంటు పోతే అదీ పోతుంది. రాత్రివేళ ఆపదకు అది చాలదు. అందుచేత 'పోర్ట్' అని, పక్కన నా నంబరు వ్రాసి 1900కు సందేశం పంపి, నంబరు మారకుండా సంస్థను మార్చుకున్నాను. ఫోను పాతదే.

మొన్న రాత్రి పడకగదిలోనుండే అక్కయ్యకు ఫోను చేశాను. ప్రత్యేకించి పనేమీ లేదు. ఆమె తిరిగి చేస్తే నాకు మ్రోగుతుందో లేదో చూడాలనిపించింది. మ్రోగింది.