మట్టికి వైద్యము

1933వ సంవత్సరమున మన విశాఖపట్టణపు రేవు ప్రారంభమయ్యెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారమును, పిమ్మట ఉక్కు కర్మాగారమును వెలసి వేలకొలది కుటుంబములకు జీవనాధారమైనవి. ఆ మేలును మేము మఱువము. కాని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మిక్కిలి కలుషితమైన పారిశ్రామిక ప్రాంతములలో మన పట్టణమును చేర్చిన సంగతియు మఱువరాదు.

చమురు ఇంకిన మట్టిని బాగుచేయుటకు సూక్ష్మజీవ ఇంధన ఘటమను సాధనమొకటి కలదు. చమురును తినగల సూక్ష్మజీవులు మట్టిలోనే యుండును. అయితే అవి తినునప్పుడు వెలువడు ఎలక్ట్రానులను అందుకొనుటకు గాలి చొరని మట్టిలో ఆమ్లజని చాలదు; అందుచే వాని పని మందగించును. మట్టిలో ఒక బొగ్గుపలకను పాతి, గాలి తగులు మఱియొక పలకకు తీగతో కలిపినచో, ఎలక్ట్రానులు తీగవెంట పోయి ఆమ్లజనిని చేరును. చమురు క్రమముగా విఱుగును. కొంచెము విద్యుత్తును పుట్టును. సూక్ష్మజీవులవలన విద్యుత్తు కలుగునని ఇంగ్లండులో పాటర్ అను శాస్త్రజ్ఞుడు 1911లోనే చూపెను. హైదరాబాదునందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టరు ఎస్. వెంకటమోహన్ గారును వారి సహచరులును చమురుమడ్డిపై ఇట్టి ప్రయోగముచేసి 2012లో ఫలితములు ప్రకటించిరి.

“ఇక భయమేల? సూక్ష్మజీవులే చూచుకొనును” అని కొందఱనవచ్చును. మేమంగీకరింపము. ఒక్కొక్క ఘటమిచ్చు విద్యుత్తు ఒక వోల్టునకు లోపలనే. పలకకు దూరమైనకొలది దాని ప్రభావము తగ్గును. సీసము, జింకు వంటి లోహములను ఏ జీవియు తిని రూపుమాపజాలదు. పైగా ఈ చికిత్సకు నెలలు పట్టును. ఒకవైపు వైద్యము చేయుచు మఱియొకవైపు విషము పోయుట చిల్లికుండలో నీరు నింపుటయే.

కావున మొదట చమురు నేలపాలు కాకుండ ఆపవలయును. మలినపఱచినవారే శుద్ధిచేయు వ్యయమును భరింపవలయును. పిదప రేవు సమీపమున ఒక చిన్న స్థలమున ఈ పద్ధతిని పరీక్షించి, ప్రక్కనే ఘటములు లేని స్థలముతో పోల్చి, ఫలితములను ప్రజలకు తెలుగులో తెలుపవలయును.

విద్యార్థులారా! శుభ్రమైన చెఱువు బురదను గాజుపాత్రలో పోసి, ఉపాధ్యాయుల యెదుట ఒక బొగ్గుముక్కను బురదలోను, వేఱొకదానిని పైనీటిలోను ఉంచి, తీగలతో మీటరునకు కలుపుడు. కొన్నిదినములు వేచి చూడుడు. దాని ముల్లు కొంచెము కదలినను, మనము కాలితో త్రొక్కు మట్టి ప్రాణముగలదని మీరు గ్రహింతురు. అట్లు గ్రహించినవారు రేపు కర్మాగారములలో పనిచేయునపుడు దానిపై విషము పోయుటకు సంకోచింతురని మా ఆశ.