లాభాపేక్ష లేని బడికి లెక్కల గోప్యత ఎందుకు?

దేశ రాజధానిలో ప్రైవేటు పాఠశాలల ఫీజుల వివాదానికి పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1997లో ఐదవ వేతన సంఘం సిఫార్సులను కారణంగా చూపి యాజమాన్యాలు ఫీజులు పెంచడంతో తల్లిదండ్రుల సంఘం హైకోర్టుకెక్కింది. ఆ పోరాటం జస్టిస్ సంతోష్ దుగ్గల్ కమిటీని, సుప్రీంకోర్టు తీర్పును, మరొక కమిటీని దాటుకుంటూ 2025లో ఢిల్లీ శాసనసభ చేసిన కొత్త చట్టం దాకా వచ్చింది. చట్టం పేరులోనే ‘పారదర్శకత’ అనే మాట చేరింది. అయితే ఇన్నేళ్ల వాదోపవాదాలలో ఫీజు ఎంత ఉండాలన్న ప్రశ్నకు దక్కిన ప్రాధాన్యం, వసూలైన సొమ్ము ఎటు పోతోందన్న ప్రశ్నకు దక్కలేదు.

విద్య వ్యాపారం కారాదన్నది మన న్యాయస్థానాలు పదేపదే చెప్పిన మాట. అందుకే సాధారణంగా ప్రైవేటు పాఠశాల వెనుక సొసైటీయో, ట్రస్టో, లాభాపేక్ష లేని కంపెనీయో ఉంటుంది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఇందుకు ఆధారం. 1948లో ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి (తర్వాతి కాలంలో దేశ్‌ముఖ్) పూనుకొని స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీదీ ఆ రూపమే. ఎకరాల ప్రాంగణం, బస్సుల బారులు ఉన్న నేటి సంపన్న పాఠశాలలదీ ఆ రూపమే. ఆ రూపానికి ప్రభుత్వం ఇచ్చే రాయితీలు కూడా తక్కువేమీ కావు. షరతులకు లోబడి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. ఢిల్లీలో అనేక పాఠశాలలకు ప్రభుత్వ సంస్థలు రాయితీ ధరకు స్థలాలు కేటాయించాయి. అంటే ఫీజు కట్టే తండ్రికే కాదు, పన్ను కట్టే ప్రతి పౌరుడికీ ఆ లెక్కలలో వాటా ఉంది.

చట్టం మౌనంగా ఉందనడానికి వీల్లేదు. 1973 నాటి ఢిల్లీ పాఠశాల విద్యా చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం విద్యా సంవత్సరానికి ముందే ఫీజుల వివరాలు విద్యాశాఖ డైరెక్టరుకు అందాలి. 18వ సెక్షన్ ప్రకారం ఏటా ఆడిట్ చేసిన లెక్కలు దాఖలు కావాలి. ఫీజుల రాబడిని ముందుగా సిబ్బంది జీతభత్యాలకే వెచ్చించాలని 177వ నిబంధన నిర్దేశిస్తున్నది. మోడరన్ స్కూల్ కేసులో 2004 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. లాభాపేక్ష లేని సంస్థలకు వర్తించే పద్ధతిలోనే ఖాతాలు నిర్వహించాలని, పాఠశాల నిధులు సొసైటీకి మళ్లరాదని శాసించింది. 2009లో సమీక్ష సందర్భంగా, ఒకే యాజమాన్యం కింద ఉన్న మరో పాఠశాలకు మళ్లించవచ్చునని సడలింపు ఇచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నిధులు ఒక బడి నుంచి మరో బడికి వెళ్లవచ్చునన్నప్పుడు ఒక్క బడి లెక్కలు చూసి ఏమి తేల్చగలం? భవనం ఎవరిది, దాని అద్దె ఎవరికి చేరుతోంది, పుస్తకాలు, దుస్తులు, బస్సుల కాంట్రాక్టులు ఎవరి చేతిలో ఉన్నాయి అన్న వివరాలు సొసైటీ ఖాతాతో, దాని నిర్వాహకుల సంబంధీకుల ఖాతాలతో కలిపి చూస్తేనే బోధపడతాయి. మిగులును మిగులుగా చూపనవసరం లేదు. దాన్ని ఖర్చుగా రాసుకోవడం లెక్కలు తెలిసినవారికి పెద్ద విద్యేమీ కాదు. ఆరవ వేతన సంఘం పేరిట పెంచిన ఫీజులను పరిశీలించడానికి 2011లో ఢిల్లీ హైకోర్టు నియమించిన జస్టిస్ అనిల్ దేవ్ సింగ్ కమిటీ ఒక్కొక్క పాఠశాల ఖాతాలు విప్పి చూశాకనే, పెంపు అనవసరమని తేలినచోట ఆ సొమ్మును 9 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలని సిఫార్సు చేయగలిగింది.

తెలుగునాట పరిస్థితి భిన్నమేమీ కాదు. ఫీజుల రాబడిలో 50 శాతం జీతాలకు, 5 శాతం మాత్రమే యాజమాన్యానికి అని 1994 నాటి జీవో 1 పంపకం చేసింది. అది ఎన్ని బడులలో అమలైందో చెప్పగల లెక్క ప్రజల ముందుకు రానేలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు, పన్ను మినహాయింపు కోరే సంస్థకు విద్య ఒక్కటే ధ్యేయంగా ఉండాలని స్పష్టం చేసింది. ఆ ధ్యేయానికి సాక్ష్యం జమాఖర్చుల పుస్తకమే కదా!

కొత్త ఢిల్లీ చట్టం లాటరీలో ఎంపికైన ఐదుగురు తల్లిదండ్రులకు పాఠశాల ఫీజుల కమిటీలో చోటు కల్పించింది. ఇది మెచ్చదగిన మార్పు. కాని ఫిర్యాదు చేయాలంటే కనీసం 15 శాతం తల్లిదండ్రులు కలిసి రావాలన్న షరతు వారి చేతులు కట్టివేస్తున్నది. తమ పిల్లలు అదే తరగతి గదిలో కూర్చుంటున్నప్పుడు సంతకానికి ముందుకు వచ్చేవారెందరు? పైగా యమున దాటి నోయిడా వెళితే ఉత్తరప్రదేశ్ 2018 చట్టం, గురుగ్రామ్ వెళితే హర్యానా నిబంధనలు. మెట్రో రైలు ఒక్కటే, హక్కులు మాత్రం స్టేషను మారితే మారుతున్నాయి.

యాజమాన్యాల వాదనను తోసిపుచ్చలేము. వేతన సంఘాల భారం నిజం. 2009 విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లకు ప్రభుత్వ చెల్లింపు చాలడంలేదన్న వారి ఫిర్యాదు కూడా కొట్టివేయదగినది కాదు. అభివృద్ధికి సముచితమైన మిగులు ఉండవచ్చునని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టే అంగీకరించింది. అయితే లెక్కలు బయటపెట్టడం వేరు, ఫీజుపై ప్రభుత్వ పెత్తనం వేరు. అమెరికాలో పన్ను మినహాయింపు పొందే సంస్థలలో అత్యధికం ఏటా దాఖలు చేసే 990 పత్రాన్ని ఎవరైనా అడిగి చూడవచ్చు. ముఖ్య నిర్వాహకుల జీతాలు సైతం అందులో ఉంటాయి. అక్కడి ప్రైవేటు బడులు అందువల్ల మూతపడలేదు.

ఇక్కడ 2005 సమాచార హక్కు చట్టం, మరో చట్టం కింద ప్రభుత్వ శాఖ తెప్పించుకోగల ప్రైవేటు సంస్థ సమాచారాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. దరఖాస్తు, అప్పీలు అంటూ తల్లిదండ్రులను తిప్పుకోవడం కన్నా, ఏటా తనకు అందే ఆడిట్ నివేదికలను విద్యాశాఖే తన వెబ్‌సైటులో ఉంచవచ్చు. దానితోపాటు మాతృ సొసైటీ ఖాతాను, నిర్వాహకుల బంధువులకు, వారి సంస్థలకు చేసిన చెల్లింపుల పట్టికను జతపరచాలని ఒక్క నిబంధన చేర్చితే చాలు. అది రానున్న విద్యా సంవత్సరం ఫీజుల ప్రతిపాదనలు కమిటీల ముందుకు రాకముందే జరగాలి.